నాయనమ్మ భోషాణం, నంబరు పేపరు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ఫొటోలు చూశాను. నాయనమ్మ భోషాణానికి చపడా (లక్క) పాలిష్ మూడు పూతలు వేశావు, గుడ్డ చారలూ నలకలూ తేలాయి, రుద్ది నునుపు చేయడానికి ఏ గరుకు పేపరు (శాండ్‌పేపరు) కొనాలని అడిగావు. 120 నంబరును మాత్రం దాని దగ్గరికి రానివ్వకు. అది పాలిష్ పడని ఉత్త కర్రకు పట్టేది. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. చపడా పొర చాలా పల్చన కాబట్టి నలక తగిలే చోట మాత్రం 320, మిగతాదంతా 400, ఆఖరి పూతకు ముందు 600 చాలు.

కొట్లో ఉత్తినే ‘ఉప్పుత్తాళ్’ (గరుకు పేపరుకు తమిళ మాట) అని అడిగితే చెక్కకు వాడే మామూలు పేపరు ఇచ్చేస్తారు. సుద్ద రాసినట్టు తెల్లగా ఉండేది అడుగు. ఆ తెలుపు జింక్ స్టియరేట్, పాలిష్ పొడిని పేపరుకు అంటుకోనివ్వదు. నల్లటి వాటర్ పేపరూ మంచిదే, కానీ దీని మీద నీళ్లు వాడకు, తడికి చపడా తెల్లబడుతుంది. స్పిరిట్ అయితే వేసిన పూతనే కరిగించేస్తుంది.

పేపరు కన్నా ముఖ్యం, పూత ఆరిందా లేదా అన్నది. ఒక మూల నాలుగుసార్లు మెల్లగా రుద్ది, పేపరు తిప్పి చూడు. మైదాలా తెల్లటి పొడి రాలిందా, ఆరినట్టే. జిగురు గింజలు కట్టిందా, వెంటనే ఆపెయ్. మళ్లీ రుద్దితే ఆ గింజే బారుగా గీత పెడుతుంది. వేగంగా రుద్దినా ఇంతే, వేడికి చపడా మెత్తబడుతుంది. చెన్నైలో ఈ కార్తీక వానలకు ఒక రాత్రి ఆరితే చాలదు తల్లీ.

అక్కడే చెన్నై పురసవాక్కంలో ఉన్నప్పుడు ఓ నవంబరులో టేకు అద్దం ఫ్రేముని తొందరపడి మర్నాడే రుద్దాను. అంచులు రంగుతో సహా లేచిపోయి ఉత్త కర్ర బయటపడింది. ఆ బాధ ఇంకా పోలేదు. అందుకే అంచుల మీద పేపరు చుట్టిన దిమ్మ పెట్టకు. పేపరు మూడు మడతలు పెట్టి, వేళ్లతో రెండుసార్లు తాకించి వదిలెయ్. వెడల్పు పలకల మీద మాత్రం కార్కు దిమ్మకు చుట్టుకుని, కర్ర గీతల వెంటే రుద్దు. అడ్డంగా పోతే పడే గీత పాలిష్ కింద జన్మంతా కనిపిస్తుంది.

ముందు పలక మీది పువ్వుల చెక్కుడులోకి పేపరు పోదు. అక్కడ సున్నాలు నాలుగున్న స్టీల్ ఊల్ వాడేవాళ్లున్నారు. దాని పీచు సందుల్లో మిగిలితే తేమకు తుప్పుపట్టి నల్ల చుక్కలవుతుంది. నేనైతే సన్నరకం బూడిదరంగు ప్యాడే వాడతాను. గిన్నెలు తోమే పచ్చది వద్దు, అది బాగా గరుకు. ఇత్తడి పట్టీలకు ముందే టేపు అంటించు.

రాత్రి లైట్లు ఆర్పి, టార్చి పక్కనుంచి కొట్టి చూడు. మెరిసే చుక్కలు కనిపిస్తే అవి పేపరు అందని గుంటలు. అవి పోయేదాకా రుద్దొద్దు, తర్వాతి పూత నింపుతుంది. ముందుగా మూత లోపలి వైపు చేసి, రుద్దిన పేపరు ముఖం నాకు ఫొటో తీసి పంపు. అది చూశాకే పైభాగం మొదలుపెట్టు.

పెదనాన్న,
గూడూరు