అమెరికాలోని 13 కాలనీలు బ్రిటన్ నుంచి ఎందుకు విడిపోయాయి?

పన్నుల వల్ల అని చాలామంది ఒక్క ముక్కలో చెప్పేస్తారు. నా దృష్టిలో అసలు గొడవంతా ఆ పన్ను వేసే హక్కు ఎవరిదన్న దగ్గరే ఉంది.

అక్కడి వలసదారులు చాలాకాలంగా సొంత శాసనసభలు నడుపుకుంటూ, పన్నులు వాటి ద్వారానే వేసుకునేవారు. లండన్ పెద్దగా పట్టించుకునేది కాదు. 1763లో ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పుల్లో కూరుకుపోయింది. ఆ భారంలో కొంత కాలనీలూ మోయాలని 1765లో స్టాంపు చట్టం తెచ్చారు. పత్రికలు, దస్తావేజులు, చివరికి పేకముక్కల మీద కూడా పన్ను! పార్లమెంటులో తమ తరఫున ఒక్క సభ్యుడూ లేనప్పుడు ఎందుకు కట్టాలని జనం ఎదురుతిరిగారు. మరుసటి ఏడాది ఆ చట్టం రద్దయింది. కానీ కాలనీలకు ఏ చట్టమైనా చేసే అధికారం తనకుందంటూ పార్లమెంటు వెంటనే ఇంకో చట్టం చేసింది. రాజీ దారి మూసుకుపోవడం అక్కడే మొదలైందనుకుంటాను.

1773లో టీ మీద పన్నుకు నిరసనగా మసాచుసెట్స్ కాలనీలోని బోస్టన్ రేవులో జనం ఈస్టిండియా కంపెనీ టీ పెట్టెలు 342 నీళ్లపాలు చేశారు. శిక్షగా రేవును మూసేసి, మసాచుసెట్స్ స్వపరిపాలనకు కోత పెట్టడంతో మిగతా కాలనీలకూ భయం పట్టుకుంది. 1775 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది, 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది.

గెలుపులో ఫ్రాన్స్ పాత్రను తక్కువ చేయకూడదు. 1777లో సరటోగా దగ్గర అమెరికన్ల విజయం చూశాకే అది బాహాటంగా చేతులు కలిపింది. 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఫ్రెంచి నౌకాదళం సముద్రం దారి మూసేయడంతో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ సేన లొంగిపోయింది. (1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చింది ఈయనే.) 1783 పారిస్ ఒప్పందంలో బ్రిటన్ అమెరికా స్వాతంత్ర్యాన్ని గుర్తించింది.