ముందు చదివించు, ఆడించడం తర్వాత

చి. అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

ఎనిమిదో తరగతి పిల్లలతో గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ వేయిస్తానని ఫోన్‌లో అన్నావు. వేషాలు, మైకు, తెరల టెన్షన్ ఇప్పుడే ఎందుకే? ముందు కాగితాలు చేతికిచ్చి, కూర్చోబెట్టి చదివించు. డైలాగు బట్టీపట్టిన పిల్లాడికి తన వంతు ఎప్పుడొస్తుందా అన్నదే ధ్యాస. కాగితం చేతిలో ఉంటే ఎదుటివాడి మాట వింటాడు.

నాటకం మొత్తం వద్దు. ఏడంకాలు, పైగా కొన్ని ఆ వయసుకి తగవు. వెంకటేశం తన గురువు గిరీశాన్ని ఇంటికి వెంటబెట్టుకొచ్చే ఘట్టం చాలు. నాలుగైదు పేజీలు జిరాక్స్ తీయించు. 1909 నాటి రెండో కూర్పులోంచే తియ్యి. విజయనగరం వైపు మాటల్ని పాఠ్యపుస్తకం తెలుగులోకి మాత్రం దిద్దకు. మీ పిల్లల్లో ఎవరో ఒకరు ‘మా నాయనమ్మ ఇలాగే అంటుంది టీచర్’ అంటారు చూడు.

మొదటిసారి నేను గొంతున్న వాళ్ళకే పాత్రలిచ్చి పప్పులో కాలేశాను. మిగతా క్లాసంతా కిటికీలోంచి బయటికి చూసింది. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు పాత్ర చదివేవాడైతే బ్రాకెట్లో ఉన్న ‘కోపముతో’ని కూడా డైలాగులో కలిపేసి చల్లగా చదివాడు. అందరూ నవ్వారు, వాడు కూర్చుండిపోయాడు. అప్పటినుంచి బ్రాకెట్లు చదవడానికి వేరే మనిషిని పెట్టాను. నోరు విప్పని పిల్లకివ్వు ఆ పని. ఆమె ‘కోపముతో’ అన్నాకే ఆయనకి కోపం రావాలి మరి!

పేజీకోసారి పాత్రలు మార్చు. మగపిల్లలు వెంకటేశం తల్లి వెంకమ్మ మాటలు చదివితే ఏం పోయింది, ఆ నాటకంలోనే ఒక శిష్యుడు ఆడపిల్ల వేషం కడతాడు.

తన చిన్నకూతురు సుబ్బికి సంబంధం కుదిరిందనీ, అందుకు తనకొచ్చే శుల్కం పద్దెనిమిది వందల రూపాయలనీ అగ్నిహోత్రావధాన్లు చెప్పేచోట చదువు ఆపు. ఏమీ వివరించకు. ఆ వాక్యమే ముగ్గురిచేత చదివించు: ఒకరు గొప్పగా, ఒకరు మామూలుగా, ఒకరు బేరం తెగినవాడిలా. ఏది సరిపోయిందో వాళ్ళనే తేల్చుకోనీ. నా క్లాసులో ఒక పిల్ల ‘సుబ్బి మాకన్నా చిన్నది కదండీ’ అంది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

నలభై నిమిషాల పీరియడ్‌లో చదవడానికి పావుగంటే ఉంచుకో, మిగతాది మాటలకే పోతుంది.

సుబ్బి మేనమామ కరటకశాస్త్రి పాత్ర నాకు అట్టేపెట్టు. మేనకోడలి కోసం ఆ మాత్రం చదవలేనా? శనివారం పొద్దున్న బస్సుకి వస్తాను.

మామయ్య