మిషను కొంటున్నావట బుజ్జీ

చిరంజీవి బుజ్జికి, అత్తయ్య దీవించి రాయునది.

ఎరువు కోసం మట్టలు ముక్కలు చేసే 7 హెచ్‌పీ ష్రెడర్ మిషను నువ్వు కొంటున్నావని మీ నాన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. మీ నానమ్మ పెంటగంపలు మోసీ మోసీ, చివరి రోజుల్లో మెడ తిప్పలేక పిలిస్తే మనిషంతా తిరిగేది. ఆ గంప నీ నెత్తికెక్కనందుకు సంతోషం. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు.

ఎరువు సంగతి నీకు తెలిసిందే. కొబ్బరి మట్టలు రెండంగుళాలకి మించకుండా ముక్కలవ్వాలి, మధ్య మధ్య పచ్చిరొట్ట చెట్టు గ్లైరిసిడియా ఆకు, పేడనీళ్లు. పిడికిట్లో పిండితే చుక్క రాలీ రాలనట్టుండాలి. అరటి మాత్రం మిషన్లో వెయ్యకు. కత్తితో నరికించు, కూలి ఖర్చయినా సరే.

ఎందుకో చెబుతాను. 2012 వేసవి. మేతకని కొన్న 2 హెచ్‌పీ చాఫ్ కట్టర్‌లో ఎండు చొప్పతోపాటు అరటాకులు కూడా వేసేద్దామన్నది నేనే. నార రోలర్లకి చుట్టుకుని మిషను బిగిసిపోయింది. మోటారు మూలుగుతుండగానే కరెంటు పోయింది. ఆ ఏడు కోతలు నీకు గుర్తుండే ఉంటాయి. స్విచ్ నా పక్కనే ఉంది. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి పరిగెత్తాను. కరెంటు ఎలాగూ లేదు కదా! మీ మామయ్య నార పీకుతూ కూర్చున్నారు. నేను గిన్నె దించేసరికి వంటింట్లో లైటు వెలిగింది. హమ్మయ్య అనుకున్నాను కూడా. అప్పుడు వినబడింది కేక.

ఎడమచేతి రెండు వేళ్లు. కొబ్బరికాయ కొడుతుంటే కత్తి తగిలిందని ఊళ్లో చెప్పారు, నీకూ అదే చెప్పాం. స్విచ్ మాట ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. చొక్కా గుండీలు పెట్టమని మాత్రం రోజూ నన్నే పిలుస్తారు.

నీది పెట్రోలు ఇంజిను, కరెంటు గోల లేదంటావు. మొద్దుమొహమా, ఇంజిను ఆపినా బ్లేడ్లు వెంటనే ఆగవు! శబ్దం పూర్తిగా సద్దుమణగాలి, స్పార్క్ ప్లగ్ టోపీ పీకెయ్యాలి, అప్పుడు మూత తియ్యి. ఇరుక్కున్నది కర్రతోనే తియ్యి. చున్నీ ఇంట్లో వదిలెయ్యి, జడ ముడెయ్యి, కళ్లజోడు పెట్టుకో. ఒక్కదానివే ఉన్నప్పుడు అసలు స్టార్ట్ చెయ్యకు.

ఎరువు పోగు తిరగెయ్యడానికి జేసీబీ పిలవకు, అది కలిపేదానికన్నా తొక్కేది ఎక్కువ. జానెడు మందాన పరిచి పవర్ టిల్లర్ రోటరీ రెండుసార్లు నడిపించి, ట్రాక్టరు బ్లేడుతో మళ్లీ పోగు చేయించు. లోపల 55 డిగ్రీలు దాటి పొగలొస్తే భయపడకు, కలుపు గింజలు చచ్చేది ఆ వేడికే. చల్లారిన పోగునే వదిలెయ్యకూడదు, కొమ్ము పురుగు అందులో గుడ్లు పెట్టి పెరిగి కొబ్బరి మొవ్వుల మీద పడుతుంది. తిరగేసేటప్పుడు తెల్లటి వంకర పురుగులు కనిపిస్తే కోళ్లని వదులు. ఎక్కువైతే అంబాజీపేట పరిశోధన స్థానంలో ఆ పురుగుల్ని చంపే మెటారైజియం బూజు గురించి అడుగు.

ఈ వేళ్ల సంగతి నీకు రాయొద్దన్నారు మామయ్య. రాశానని తెలిస్తే రెండ్రోజులు మాట్లాడరేమో.

సంక్రాంతికి వస్తున్నాం. మిషను స్టార్ట్ చేసి చూపిస్తానంటావు, నాకు తెలుసు. ముందు ఆపడం చూపించు.

మీ అత్తయ్య