పరుగు మొదలుపెట్టబోతున్న తమ్ముడికి

ఒరేయ్ చిన్నా,

ఆగస్టులో హాఫ్ మారథాన్‌కు పేరిచ్చావని మరదలు ఫోన్‌లో చెప్పింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇరవై ఒక్క కిలోమీటర్లు! పొంగిపోయాను. రాత్రి నిద్రా పట్టలేదు. ఇన్నేళ్లు మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పిన అక్కను ఒక్కమాట అడగకుండానే ఫీజు కట్టేశావా?

మంచి బూట్లు కొనుక్కో. ఎండెక్కకముందే పరిగెత్తు. డాక్టరుకు చెప్పి టీఎంటీ, అదే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష, చేయించుకో. ఇవన్నీ నీకు ఎవరైనా చెప్తారు.

గుండె సంగతి నన్ను చెప్పనీ. వయసు పైబడితే గుండెకు పిండే బలం పోతుందనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో, కూర్చుని ఉన్నప్పుడు ఆ బలం పెద్దగా తగ్గదు. ముందు తగ్గేది సడలడం. కండర కణంలో కాల్షియం పెరిగితే గుండె ముడుచుకుంటుంది. సెర్కా అనే పంపు ఆ కాల్షియాన్ని తిరిగి దాని నిల్వలోకి తోడేస్తేనే వదులవుతుంది. వయసుతో ఆ తోడడం మందగిస్తుంది, గుండె గోడలూ బిరుసెక్కుతాయి.

రెండోది అడ్రినలిన్ మాట వినడం. పరిగెత్తేటప్పుడు అడ్రినలిన్, నారడ్రినలిన్ అనే హార్మోన్లు గుండె కణాల మీద వాటి కబురు అందుకునే బీటా గ్రాహకాలను తాకుతాయి. దాంతో వేగం, బలం పెరుగుతాయి, సడలడం కూడా చురుకవుతుంది. వయసు పెరిగేకొద్దీ నారడ్రినలిన్ ఎక్కువే విడుదలవుతుంది. కానీ పొద్దస్తమానం అరిచేవాళ్ల మాట ఇంట్లో ఎవరూ పట్టించుకోనట్టు, గ్రాహకాలు దానికి అంతగా స్పందించవు. గుండె అందుకోగల గరిష్ఠ వేగమూ ఏటేటా తగ్గుతుంది. వయసును 0.7తో హెచ్చించి 208లోంచి తీసేస్తే సుమారు లెక్క వస్తుంది. నీకు నిమిషానికి 167. ఎంత సాధన చేసినా ఆ అంకె పెద్దగా పెరగదు. పక్కన పరిగెత్తే కుర్రాడి వాచీలో 190 చూసి పంతానికి పోకు.

అసలు నీకు ఆ 167 కూడా కుదరదు. బీపీకి నువ్వు వేసుకునే మెటోప్రొలాల్ ఆ బీటా గ్రాహకాలకే అడ్డుపడుతుంది. నా భయమంతా ఆ మాత్ర గురించే.

మీ బావ సంగతి నీకు సగమే తెలుసు. అప్పట్లో ఆయన నీ మాత్ర జాతిదే, అటెనొలాల్ వేసుకునేవారు, సాయంత్రాలు క్లబ్బులో షటిల్ ఆడేవారు. కాళ్లు బరువెక్కుతున్నాయని, మాత్ర మానేస్తే ఊపు వస్తుందని ఎవరో అంటే మానేశారు. నాకు తెలియకూడదని రోజూ స్ట్రిప్పులోంచి ఒకటి తీసి వాష్‌బేసిన్‌లో పడేసేవారట! మొదట్లో ఆట బాగానే సాగింది. ఒక సాయంత్రం ఆట మధ్యలో దడ, ఛాతీలో బిగువు. నెట్టు కర్ర పట్టుకుని నిలబడిపోయారు. నేను ఆసుపత్రికి చేరేసరికి ఈసీజీలో తేడా కనిపిస్తోంది. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితేగానీ మాత్ర సంగతి బయటపెట్టలేదు.

మాత్ర అడ్డు ఉన్నన్నాళ్లూ గుండె కణాలు గ్రాహకాల సంఖ్య పెంచుకుంటాయి. ఆ అడ్డు ఒక్కసారిగా తీసేస్తే అడ్రినలిన్ ప్రభావం విపరీతమవుతుంది. దానికి ఆట కూడా తోడైతే ఇంకేం చెప్పను? ఐసీయూ బయట కూర్చున్నప్పుడు ఆయన మీద వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నువ్వేం తక్కువ కాదు. జ్వరం మాత్ర నాలుక కింద దాచి, నేనటు తిరగ్గానే పెరట్లో ఉమ్మేసినవాడివి. అమ్మకు చెప్పకుండా నీ పక్కన కూర్చుని రాత్రంతా తడిగుడ్డ వేసింది నేనేరా.

మాత్ర మార్చాలన్నా, తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి, అదీ మెల్లమెల్లగా. వాచీ చూడకు, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలో పరిగెత్తు. మొదటి పది నిమిషాలు నడక. ముగింపు గీత దాటగానే ఆగి నిలబడకు, ఇంకాస్త నడువు. చటుక్కున ఆగితే రక్తం కాళ్లలో నిలిచి బీపీ పడిపోతుంది, అడ్రినలిన్ మాత్రం ఇంకా ఒంట్లో ఉంటుంది.

నిన్ను ఆపడానికి ఇదంతా రాయడం లేదు. 1966లో డాలస్‌లో అయిదుగురు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షించారు. ఒంటి సత్తువకు ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల పడక చేసిందే ఎక్కువట. 2018లో డాలస్ పరిశోధకులే ఇంకో ఫలితం ప్రచురించారు. 45 నుంచి 64 ఏళ్ల మధ్య, వ్యాయామం అలవాటు లేనివాళ్ల చేత రెండేళ్లు సాధన చేయిస్తే గుండె బిరుసు తగ్గింది. అరవై అయిదు దాటాక మొదలుపెట్టినవాళ్లలో మాత్రం ఏడాది సాధనకు ఆ బిరుసు తగ్గలేదు. నువ్వు సమయానికే బయల్దేరావు. కాకపోతే అది రెండేళ్ల పని, ఈ ఆగస్టుకు కుదరకపోతే వచ్చే ఆగస్టు ఉంది.

డాక్టరు దగ్గరికి స్ట్రిప్పు తీసుకెళ్లు. టీఎంటీ రోజున మాత్ర వేసుకోవాలో వద్దో ఆయన్నే అడుగు, నీ అంతట నువ్వు మానకు. రిపోర్టు ఫొటో తీసి నాకు పంపు. మీ బావ అప్పుడే హైదరాబాద్‌కు టికెట్లు చూస్తున్నారు.

మీ అక్క