బిడ్డలను బడి మాన్పించి ఇంట్లోనే చదివించవచ్చా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా వారు బ్యాంకు ఉద్యోగి. నేను బి.ఎస్సీ., బి.ఇడి. చదివి, రెండేళ్లు పాఠాలు చెప్పి, బాబు పుట్టాక మానేశాను. పాప నాలుగో తరగతి, బాబు ఒకటో తరగతి. పాప చదివే ప్రైవేటు బడిలో సాయంత్రం ఆరు దాకా స్టడీ అవర్లు, ఇంటికి వచ్చాక హోంవర్కు, నెలకు రెండు ఆదివారాలు పరీక్షలు. కుటుంబ ప్రార్థన వేళకు పాప కూర్చున్నచోటే నిద్రపోతోంది. సండే స్కూలుకు వెళ్లి మూడు నెలలైంది. అమెరికాలో ఉన్న మా మరిది వాళ్లు పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నారు. మా వారు ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం చూపించి, విశ్వాసులు చేయవలసింది ఇదేనంటూ, జూన్ నుంచి ఇద్దరినీ బడి మాన్పించాలని నిశ్చయించారు. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మా అత్తగారు ఆ మాట విన్న రోజు అన్నం ముట్టలేదు. ఇది చట్టానికి విరుద్ధమా? పదో తరగతి ఎలా రాయించాలి? వాక్యం నిజంగా అలాగే చెబుతోందా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: సోదరీ, మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే ముందు మీ అత్తగారి గురించి మాట్లాడాలనిపిస్తోంది. 1842లో మిషనరీ హయ్యర్ దొర మీ గుంటూరుకే వచ్చి సువార్తతోపాటు బడులు కూడా పెట్టారు. మరుసటి ఏడాది మరో మిషనరీ రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో బడి తెరిచారు. ఆ తరువాతి దశాబ్దాలలో, ఊరి బడి గడప తొక్కనివ్వని పేటల్లో, పగలు బడిగానూ రాత్రి ప్రార్థన మందిరంగానూ వాడుకున్న తాటాకు పాకల్లో, మనలో ఎందరి తాతముత్తాతలో మొదటిసారి పలక పట్టారు. బైబిలు తామే చదువుకోగలిగిన మొదటి తరం ఆ పాకల్లోనే తయారైంది. ఆ వరుసలో టీచరమ్మ అయిన మనిషికి ‘బడి మాన్పిస్తాం’ అనే మాట ఎలా వినిపిస్తుందో మీ వారు ఒకసారి ఆమె పక్కన కూర్చుని తెలుసుకోవాలి.

అమెరికా క్రైస్తవులు ఈ దారి పట్టడానికి కారణాలు వేరు. ప్రభుత్వ బడి తన తరఫున ప్రార్థన చేయించకూడదని 1962లోను, బైబిలు చదివించకూడదని 1963లోను అక్కడి సుప్రీం కోర్టు తీర్పులిచ్చింది. ఆ బడులపై నమ్మకం సడలిన కుటుంబాలలో కొన్ని సొంతంగా క్రైస్తవ బడులు పెట్టుకున్నాయి; మరికొన్ని, ముఖ్యంగా 1980లలో, ఇంటినే బడిగా చేసుకున్నాయి. వారు కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాడి ఆ హక్కు సంపాదించుకున్నారు, ఆ పట్టుదలను నేను గౌరవిస్తాను. అయితే వారు వదిలి వచ్చింది తమకు మొదటినుంచీ తెరిచి ఉన్న బడిని. ఈ తేడాను గమనించకుండా మీ మరిది ఇంటి పద్ధతిని ఉన్నదున్నట్టు గుంటూరుకు తెచ్చుకోలేము.

ఇక వాక్యం. ద్వితీయోపదేశకాండము 6:6–7 దేవుని ఆజ్ఞలను ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలకు చెబుతూ ఉండాలంటుంది. ఇది తల్లిదండ్రులు మరొకరికి అప్పగించలేని పని. సండే స్కూలుకూ పాస్టరుగారికీ వదిలేసి నిశ్చింతగా ఉన్న మనందరినీ ఈ మాట నిలదీస్తుంది. కానీ భిన్నాలూ భూగోళమూ ఎవరు నేర్పాలో ఆ వచనం చెప్పలేదు. మోషే ఐగుప్తీయుల విద్యలన్నిటిలో శిక్షణ పొందాడని అపొస్తలుల కార్యములు 7:22 చెబుతుంది. దానియేలు, అతని స్నేహితులు కల్దీయుల విద్యను, భాషను నేర్చుకుంటూనే రాజు భోజనం దగ్గర గీత గీసుకున్నారు. తిమోతికి చిన్ననాటినుంచే లేఖనాలు తెలుసు. అతని విశ్వాసం మొదట అతని అమ్మమ్మ లోయిలోను, తల్లి యునీకేలోను ఉన్నదని పౌలు రాశాడు. ఇంట్లో చదివించడం పాపమని గాని, బడికి పంపడం అవిశ్వాసమని గాని లేఖనాల నుంచి చూపించడం సాధ్యం కాదు. అందువల్ల ఈ నిర్ణయాన్ని ‘విశ్వాసులు చేయవలసింది ఇదే’ అనే మాటతో ముగించే అధికారం మీ వారికి లేదని ప్రేమతోనే చెబుతున్నాను.

వాక్యంలో ఇంకో మాట కూడా ఉంది. ఎఫెసీయులకు 6:4లో పిల్లలను ప్రభువు శిక్షలోను బోధలోను పెంచమని పౌలు చెప్పింది ‘తండ్రులారా’ అని పిలిచి. నాకు వచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపించేది ఏమిటంటే, నిశ్చయం తండ్రిది, నిర్వహణ తల్లిది. బ్యాంకు నుంచి రాత్రి ఏడింటికి వచ్చే మనిషి ఏ పాఠం, ఏ రోజు, ఎన్ని గంటలకు చెబుతారు? వంట, బట్టలు, అత్తగారి మందులు, ఒకటో తరగతి అక్షరాలు, నాలుగో తరగతి లెక్కలు అన్నీ మీ మీదే పడితే, డిసెంబరు నాటికి మీకు ఓపిక ఉంటుందా? ఈ ప్రశ్నకు మీ వారు కాగితం మీద, వారంలోని ఏడు రోజులకూ జవాబు రాయాలి. అది రాయలేకపోతే మీ ఇంట్లో ఇంకా ఏదీ నిశ్చయం కాలేదనే అర్థం.

చట్టం సంగతి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల వయసు పిల్లలను సమీపంలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి. ఇది పదో సెక్షనులో ఉంది. ఆ విధిని పాటించని తల్లిదండ్రులకు చట్టం శిక్ష ఏదీ విధించలేదు. ఇంటి చదువుకు అనుమతి ఇస్తున్నట్టు కూడా ఎక్కడా రాయలేదు. మన దేశంలో హోమ్‌స్కూలింగ్ చేస్తున్న కుటుంబాలు ఈ సందులోనే నడుస్తున్నాయి. ఎవరూ మిమ్మల్ని జైలులో పెట్టరు గాని, చట్టం మీ పక్షాన ఉందని కూడా చెప్పుకోలేరు. తిరిగి బడిలో చేర్చాలనుకుంటే నాలుగో సెక్షను ఉపయోగపడుతుంది: చదువు మధ్యలో ఆగిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అది చెబుతుంది. కాబట్టి మాన్పించే పక్షంలో టి.సి. తప్పకుండా తీసి దాచుకోండి.

పదో తరగతికి జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అంటే ఎన్.ఐ.ఓ.ఎస్., ఉంది. పద్నాలుగేళ్లు నిండితే సెకండరీ కోర్సులో చేరవచ్చు. కనీసం ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. తెలుగు మాధ్యమం కూడా ఉంది. పరీక్షలు ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు నెలల్లో ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు. రాష్ట్ర ఓపెన్ స్కూలు కూడా పదో తరగతి పరీక్ష పెడుతుంది. అయినా పెద్ద ప్రవేశ పరీక్షల నిబంధనలను ఏటా చూసుకోక తప్పదు. ఓపెన్ స్కూలు విద్యార్థులను వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు అనర్హులను చేసిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేయవలసి వచ్చింది.

ఇంతకూ మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాక నాకు తోచింది ఇది. మీ ఫిర్యాదు బడి అనే వ్యవస్థ మీద కాదు, ఒక ఫలానా బడి మీద. సాయంత్రం ఆరు దాకా కూర్చోబెట్టి, ఆదివారం కూడా పిలిచే చోటు తొమ్మిదేళ్ల బిడ్డకు తగదు. అక్కడినుంచి తీసేయాలనే మీ వారి బాధ న్యాయమైనది. అయితే ముందు బడి మార్చండి. నాలుగు గంటలకు ఇంటికి పంపే బడి, ఆదివారం జోలికి రాని బడి, అది చిన్నదైనా, ప్రభుత్వానిదైనా, మిషన్‌దైనా సరే, గుంటూరులో వెతికితే దొరుకుతుంది. పూజా కార్యక్రమాల్లో బలవంతంగా కూర్చోబెడతారనే భయం కూడా ఉంటే రాజ్యాంగంలోని 28(3) అధికరణం గుర్తుంచుకోండి. ప్రభుత్వ గుర్తింపు గాని, సహాయం గాని ఉన్న బడిలో పిల్లలు మతబోధకు, ఆరాధనకు హాజరు కావాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఈ మాట హెడ్‌మాస్టరుగారికి మర్యాదగా, రాతపూర్వకంగా ఇస్తే చాలావరకు గొడవ రాదు.

కొత్త బడిలో ఒక విద్యా సంవత్సరం చూడండి. పాప సాయంత్రం వీధిలో ఆడుకుని, ప్రార్థనలో మేలుకుని కూర్చుంటే మీరు కోరింది దొరికినట్టే. అప్పటికీ ఇంటి చదువే కావాలని మీ ఇద్దరికీ, గమనించండి, ఇద్దరికీ, అనిపిస్తే మొదలుపెట్టండి. మీ చదువు అందుకు సరిపోతుంది. పైగా ముప్పై ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. ఇంతవరకూ ఆమెను ఎవరూ సలహా అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాం. మా సంఘంలో చాలామంది అమెరికన్ కుటుంబాలు పిల్లలను ఇంట్లోనే చదివిస్తున్నారు. మా ఇద్దరికీ ఇష్టమే. నేను ఉద్యోగం చేయడం లేదు, మా వారికి ఇంటినుంచి పని. బాబుకు ఎనిమిదేళ్లు. నాలుగైదేళ్లలో హైదరాబాదు తిరిగి రావచ్చు. ఏమేం చూసుకోవాలి?
– ఒక తల్లి, టెక్సాస్

జవాబు: అమ్మా, మీ రాష్ట్రంలో చట్టం స్పష్టంగా ఉంది. లీపర్ కేసులో 1994లో టెక్సాస్ సుప్రీం కోర్టు ఇంటి చదువును ప్రైవేటు బడితో సమానంగా గుర్తించింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం అనే ఐదు విషయాలను నిజాయతీగా నేర్పాలి. రిజిస్ట్రేషను లేదు, ప్రభుత్వ పరీక్ష లేదు. బాబు ఇప్పుడు ప్రభుత్వ బడిలో ఉంటే, మానిపిస్తున్నట్టు లేఖ ఇచ్చి దాని నకలు ఉంచుకోండి. అయితే మీ వారికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వస్తే నియమాలు మారిపోతాయి. న్యూయార్క్‌లో ఏటా బోధనా ప్రణాళిక సమర్పించి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలి.

తిరుగు ప్రయాణమే మీకు అసలు విషయం. ఎనిమిదో తరగతి లోపు వస్తే వయసును బట్టి చేర్చుకుంటారు. ఆ తరువాత కష్టం. సి.బి.ఎస్.ఇ. బడుల్లో తొమ్మిదిలో చేరాలంటే గుర్తింపు పొందిన బడిలో ఎనిమిది పాసైన పత్రం అడుగుతారు. అందుకని బాబుకు పన్నెండేళ్లు వచ్చేలోగా మీ ప్రయాణం సంగతి తేల్చుకోండి, లేదా ఎన్.ఐ.ఓ.ఎస్. దారిలోనే వెళ్లడానికి సిద్ధపడండి. ఏటా గణితం, భాష నోటుపుస్తకాల్లో కొన్నిటిని తేదీలతో సహా భద్రపరచండి.

తెలుగు చదువును ఈ ఏడాదే మొదలుపెట్టమని నా విన్నపం. గుణింతాలు వచ్చాక మార్కు సువార్తను రోజుకు నాలుగు వచనాల చొప్పున బాబు చేత పైకి చదివించండి. హైదరాబాదులో ఉన్న నాయనమ్మకో అమ్మమ్మకో వారానికి ఒకసారి వీడియో కాల్‌లో చదివి వినిపించమనండి. ఆవిడ దిద్దే తప్పులు మీరు దిద్దే వాటికంటే బాగా గుర్తుంటాయి.