రుషికొండ నుంచి భీమిలికి బోర్డు మీద వస్తానన్న మౌనికి

చి. మౌనికకు, పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ పెద్దమ్మ నీ వాట్సాప్ స్టేటస్ చూపించింది. హాల్లో సోఫాని మించిన పొడుగు బోర్డు, పక్కన నువ్వు, కింద "సంక్రాంతికి పొద్దున్న ఆరింటికి రుషికొండ టు భీమిలి, సోలో" అని. ముందు తెగ మురిసిపోయింది. తర్వాత సోలో అంటే ఏంటండీ అని అడిగింది. ఒక్కతే అని చెప్పాను. ఇక రాత్రంతా తను పడుకోలేదు, నన్ను పడుకోనివ్వలేదు. ఫోన్ చేస్తే "సరే పెదనాన్నా, సరే సరే" అంటావు, సగం కూడా వినవు. అందుకే రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

నాకూ గర్వంగానే ఉంది, దాచను. కెరటం కాళ్ళకి తగిలితే ఏడ్చి చంకెక్కిన పిల్లవి. నేవీలో ఉన్నన్నాళ్ళూ పెద్ద ఓడల మీద తిరిగినవాణ్ణి, రిటైరయ్యాక రుషికొండలో కుర్రాళ్ళ దగ్గర ఈ బోర్డు మీద నిలబడి తెడ్డేసే విద్య నేర్చుకున్నాను. మోకాళ్ళు ఒప్పుకున్న రోజున ఇప్పటికీ వెళ్తాను. కాబట్టి పాతకాలం మనిషి చాదస్తం అని తీసిపారెయ్యకు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. గాలి నింపే బోర్డు కాబట్టి దాని మీద ఎంత రాసుందో అంత ప్రెషర్ పెట్టు, మామూలుగా 12 నుంచి 15 పీఎస్ఐ ఉంటుంది. చేతులు నొప్పెట్టాయని 8 దగ్గర ఆపేస్తే బోర్డు నీ కాళ్ళ కిందే కుంగుతుంది. నింపిన బోర్డుని ఎండలో వదలకు. తెడ్డు ఆకు వంపు ముందుకి ఉండాలి, కొత్తవాళ్ళు చాలామంది తిప్పి పట్టుకుంటారు. పడితే నీళ్ళ మీద పరుచుకున్నట్టు పడు, తలకిందులుగా దూకకు. లైఫ్ జాకెట్ ఫొటోలో బాగుండదని విప్పావో, నేనే వచ్చి ఆ ఫొటో డిలీట్ చేయిస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు దుర్గం చెరువులో నేర్చుకున్నావు. చెరువులో గాలి ఎటు తోసినా ఏదో ఒక గట్టుకే చేరతావు. ఇక్కడ తోస్తే ఎదురుగట్టు బర్మా. మా తాతల కాలంలో కూలికి ఓడెక్కి పోయిన రంగూన్ అటువైపే.

అందరూ కెరటాలకి భయపడతారు. నాకు కెరటం లేని పొద్దు అంటేనే భయం. మన తీరం ఆగ్నేయం వైపు చూస్తుంది. చలికాలంలో రాత్రి నేల చల్లబడ్డాక గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, తెల్లవారి ఎండ ముదిరేదాకా అలాగే ఉంటుంది. ఒడ్డు దగ్గర కొండలు అడ్డుంటాయి గనక అక్కడ గాలే తెలియదు, నీళ్ళు నున్నగా ఉంటాయి. బోర్డు వెయ్యడానికి ఇంతకన్నా మంచి పొద్దు ఉండదనిపిస్తుంది. కొంచెం లోపలికి వెళ్ళాక వీపుకి గాలి తగులుతుంది. అప్పటికీ హాయిగానే ఉంటుంది, తెడ్డు వెయ్యకుండానే బోర్డు పోతుంటుంది కదా. వెనక్కి తిప్పినప్పుడు తెలుస్తుంది.

మీ నాన్న నీకు ఇది చెప్పి ఉండడు. చెప్పానని వాడితో అనకు.

1983 భోగి. వాడికి పద్నాలుగేళ్ళు. తెల్లవారుజామున మంటలేసి, తలంట్లు కాకముందే మా జట్టంతా బీచికి పోయాం. అప్పుడు బోర్డులెక్కడివి, మెకానిక్ షెడ్డులో అడిగి తెచ్చిన లారీ ట్యూబు ఉండేది. అతుకులేసిన నల్ల ట్యూబు, దాని వాల్వు గుచ్చుకుని అందరి పొట్టల మీదా గీతలే. సముద్రం పళ్ళెంలో పోసినట్టుంది. మీ నాన్న ట్యూబు మీద బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ పోయాడు, నవ్వుతూనే. ఊళ్ళో భోగి మంటల పొగ మా నెత్తి మీంచి సాగి సముద్రం మీదకే పోతోంది. ఇందరం ఉన్నాం, ఆ పొగ ఎటు పోతోందో ఒక్కడూ చూడలేదు.

కాసేపటికి వాడి నవ్వు వినపడటం మానేసింది. చెయ్యి ఊపుతున్నాడు, మేమూ ఊపాం. తర్వాత రెండు చేతులూ ఊపాడు. అప్పుడు అర్థమైంది. అక్కణ్ణించి వాడికి లైట్‌హౌస్ తెల్లగా, దగ్గరగానే కనిపిస్తోందట. ఈదితే పోతాను అనుకున్నాడు. ట్యూబు వదిలేసి దూకాడు.

అదీ వాడు చేసిన తప్పు. లోపలికి పోవడం పిల్లచేష్ట. వదలడం మాత్రం తప్పు. మనిషి దిగిన ట్యూబుకి బరువేముంటుంది, గాలికి దొర్లుకుంటూ పోయింది. వెనక్కి చూసేసరికి అందనంత దూరంలో ఉంది. ముందు చూస్తే ఒడ్డు ఎంత ఈదినా అక్కడే ఉంది. పిక్క పట్టేసింది.

రాత్రి వేటకి పోయిన తెప్ప ఒకటి అప్పుడే తిరిగొస్తోంది. అందులో ఇద్దరు. జుట్టు పట్టుకుని పైకి లాగి, తడి వల మీద పడుకోబెట్టారు. ఒడ్డుకి తెచ్చాక పెద్దాయన ముందు ఒక్కటిచ్చాడు చెంప మీద. తర్వాత తన తలగుడ్డ విప్పి ఒళ్ళు తుడిచాడు. "సేతిలో ఉన్నదొగ్గేసి ఈదుతావేటి బాబూ" అన్నాడు. ఇంకేమీ అనలేదు. మా అమ్మ ఆ ఏడు ఆ ఇంటికి అరిసెలు పంపింది, తను పోయేదాకా ఏటా పంపింది.

ఆ తర్వాత మీ నాన్న చీలమండ దాటి సముద్రంలో దిగగా నేను చూడలేదు. చిన్నప్పుడు నిన్ను బీచికి తీసుకొస్తే నీ గౌను కొస పిడికిట్లో పట్టుకుని నిలబడేవాడు, గుర్తుందా? కెరటం వెనక్కి పోయినా వదిలేవాడు కాదు. నువ్వు విసుక్కునేదానివి. ఇప్పుడు నీ ప్లాన్ విని వాడు మాట్లాడకుండా ఉన్నాడంటే కోపం అనుకోకు.

అందుకని, లీష్, అదే బోర్డునీ నిన్నూ కలిపి ఉంచే తాడు, కాలికి కట్టుకోకుండా ఒక్క అడుగు కూడా వెయ్యకు. బోర్డు నీ కన్నా బాగా తేలుతుంది, దూరం నుంచి కనపడేదీ అదే. గాలి ఎదురైతే నిలబడి పౌరుషానికి పోకు. నిలబడ్డ మనిషే తెరచాప. మోకాళ్ళ మీదకి దిగు, అప్పటికీ కదలకపోతే తెడ్డు పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకుని చేతులతో వెయ్యి. అదీ కాకపోతే బోర్డు మీదే ఉండి కోస్ట్ గార్డుకి 1554 కొట్టు. ఫోన్ వాటర్‌ప్రూఫ్ సంచీలో నీ ఒంటికి కట్టి ఉండాలి, బోర్డుకి కాదు. ఈత వచ్చు కదా అనకు. మీ నాన్నకీ వచ్చు.

యాప్‌లో గాలి చూస్తావు కదా, అక్కడ చాలామంది పొరబడతారు. ఎన్‌డబ్ల్యూ అని ఉంటే వాయవ్యం నుంచి వస్తోందని, అటు పోతోందని కాదు. మనకి వాయవ్యం, పడమర, ఉత్తరం, ఏది చూపించినా నిన్ను లోపలికి తోసే గాలే. మీ హైదరాబాదులోనే ఉన్న సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ వాళ్ళు సముద్రం సూచనలు రోజూ ఇస్తారు. కెరటాల హెచ్చరిక ఉన్న రోజు ఇంట్లో పడుకో.

నీ దారి కూడా ఆలోచించు. రుషికొండ నుంచి భీమిలికి వస్తుంటే నేల నీకు ఎడమ పక్క. పొద్దుటి గాలి ఎడమ నుంచి కొట్టి బోర్డు ముక్కుని కుడికి, అంటే లోపలికి తిప్పుతుంది. దాన్ని సరిచెయ్యడానికి దారంతా కుడి పక్కనే తెడ్డు వెయ్యాలి. పదిహేను కిలోమీటర్ల చిల్లర అలా వేస్తే నీ భుజం కనుమ నాటికి కూడా లేవదు. అందుకే పొద్దున్న ఆరింటికి బయల్దేరతానని నువ్వు రాసింది నాకు నచ్చలేదు. పొద్దెక్కి సముద్రపు గాలి మొదలయ్యాక బయల్దేరు. నీళ్ళు గరుకవుతాయి, కెరటాలు లేస్తాయి, నాలుగుసార్లు పడి ముక్కులోకి ఉప్పునీళ్ళు పోతాయి. పోనీ. తోస్తే ఒడ్డుకే తోస్తుంది. దిగేటప్పుడు మాత్రం బోర్డు నీకూ కెరటానికీ మధ్య ఉండకుండా చూసుకో, పళ్ళు రాలతాయి.

దారిలో మనవాళ్ళ వలలుంటాయి. తేలుతున్న బుడ్లు కనిపిస్తే చుట్టూ తిరిగి రా, మీదుగా రాకు. నువ్వు ఎక్కడున్నావో తెలియాలంటే ఒడ్డున రెండు గురుతులు ఒకే వరసలో పెట్టుకో. భీమిలి దగ్గరకొచ్చాక లైట్‌హౌస్‌నీ, వెనక పావురాలకొండనీ చూడు. కాసేపాగి మళ్ళీ చూడు. కొండ పక్కకి జరిగిందంటే జరిగింది నువ్వే. గోస్తనీ మొగ దాకా వెళ్ళకు. ఆటు సమయంలో నది నీళ్ళు సముద్రంలోకి లాగేస్తాయి, అమావాస్యకీ పౌర్ణమికీ మరీ ఎక్కువ. లైట్‌హౌస్ ముందే దిగిపో.

సోలో అన్న మాట తీసెయ్యి. రుషికొండలో నాకు నేర్పిన కుర్రాడితో మాట్లాడాను, ఇంకో బోర్డు మీద నీ పక్కనే వస్తాడు. నేను బీచి రోడ్డు మీద స్కూటరేసుకుని, బైనాక్యులర్స్ మెళ్ళో తగిలించుకుని వెంట వస్తాను. మీ నాన్నతో నేనే మాట్లాడతాను, నువ్వు తొందరపడి వాడితో గొడవ పెట్టుకోకు. వస్తానంటే వెనక సీటు ఖాళీయే.

నీ లైఫ్ జాకెట్ సైజు, నీ బరువు మెసేజ్ పెట్టు. బరువు నిజం చెప్పు. పెద్దమ్మ అరిసెలు నువ్వుల్తోనా, గసగసాల్తోనా అని అడుగుతోంది.

మీ పెదనాన్న
భీమిలి