నూనె మానేసినా లివర్‌లో కొవ్వు ఎందుకు తగ్గదు?

"లివర్ కణాల్లో కొవ్వును ఎంజైములు ఎట్లా అదుపు చేస్తాయి? నూనె పూర్తిగా మానేస్తే ఫ్యాటీ లివర్ పోతుందా?" అని మీ స్కాన్‌లో వచ్చిన గ్రేడ్ రాసి అడిగారు. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. పోదు. అనంతపురం జిల్లాలో శెనక్కాయ చేన్ల మధ్య పెరిగి, ఎస్కేయూలో (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) బయోకెమిస్ట్రీ చదివినవాణ్ణి. నింద అంతా ఆ నూనె మీద వేసి, అసలు కారణాన్ని కంచం నిండా వడ్డించుకుంటూ ఉంటే చూస్తూ ఊరుకోలేను.

మా బావ సంగతి చెప్తాను. మార్కెట్ యార్డులో చీనీకాయల (బత్తాయిల) వ్యాపారం ఆయనది. మందు ముట్టడు, బీడీ తాగడు. కడుపులో బరువుగా ఉందని స్కాన్ తీయిస్తే 'గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్', అంటే లివర్‌లో కొవ్వు ఒక మోస్తరుగా చేరింది అని రాసిచ్చారు. చూపించుకున్న చోట రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. "నూనె మానేయండి" అని ఒక ముక్క చెప్పి, లివర్ టానిక్ సీసా చేతిలో పెట్టి పంపేశారు. లివర్ జబ్బు అనగానే వీధిలో గుసగుసలు మొదలు. "చాటుగా తాగుతాడేమో" అన్నారట. ఆ మాటకు మా అక్క ఎంత కుమిలిపోయిందో నాకు తెలుసు. తాగుడుతో లివర్‌లో కొవ్వు చేరడం నిజమే. కానీ చుక్క తాగనివాళ్లకు కూడా చేరుతుందని చెప్పే దిక్కు లేదు.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి వంటగదిలో నూనె డబ్బా అటక మీదికి పోయింది. ఆవాలు, ఎండుమిర్చి వట్టి బాండీలో మాడ్చి అదే తాలింపు అంటోంది అక్క. రాత్రి తొమ్మిదిన్నర దాటాక యార్డు నుంచి వచ్చి బావ కూర్చున్నాడు. కంచంలో తెల్లటి సన్నబియ్యం అన్నం గుట్ట, దాని నడిమధ్య గుంట చేసి చారు. ఆకుకూర పప్పు మూలకు కొద్దిగా, అంతే. పక్కన స్టీలు లోటా.

"నూనె చుక్క ముట్టుకోకుండా ఉండా గదప్పా, ఇంగేం చేయల్ల నేను?" అన్నాడు బావ. మళ్లీ స్కాన్ తీయిస్తే కొవ్వు అట్లే ఉందట.

"బావా, ఆ లోటాలో ఏముంది?"

"చీనీ రసం. మన సరుకే. ఒంటికి మంచిది."

"కొంచెం చేదు తగుల్తుందని చక్కెర వేస్తాండా రా," అంది అక్క. పొద్దున ఒక లోటా, రాత్రి ఒక లోటా. నడుమ యార్డులో ఎంత మంది బేరానికి వస్తే అన్ని టీలు, అన్నీ చక్కెర టీలే.

స్కాన్ కవరు తిప్పి, దాని వెనక పెన్నుతో బొమ్మ గీశాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ బొమ్మే.

అన్నం తిన్నాక గ్లూకోజ్, దాని వెనకే ఇన్సులిన్ పెరుగుతాయి. లివర్ ఆ గ్లూకోజ్‌లో కొంత గ్లైకోజెన్ అనే నిల్వ పిండిగా దాస్తుంది. కానీ అక్కడ పట్టేది మహా అయితే సుమారు 100 గ్రాములు. అంతకు మించి వచ్చిపడేదాంట్లో కొంత ఎసిటైల్ కోఎ అనే చిన్న అణువు అయి కొవ్వు తయారీ వైపు మళ్లుతుంది. ఆ దారిలో మొదటి ఎంజైము ఎసిటైల్ కోఎ కార్బాక్సిలేజ్, పొట్టిగా ఏసీసీ. అది మెలోనైల్ కోఎ అనే కొవ్వు ముడిసరుకు తయారు చేస్తుంది. తర్వాత ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే పెద్ద ఎంజైము దాన్ని రెండేసి కార్బన్ల చొప్పున అతుకుతూ 16 కార్బన్ల పామిటేట్ అనే కొవ్వు ఆమ్లం చేస్తుంది. నూనె చుక్క లేని చారన్నం లోపలికి పోయి కొవ్వు అయ్యే దారి ఇదే. ఇన్సులిన్ ఏసీసీని అప్పటికప్పుడు లేపుతుంది. అది చాలదన్నట్టు ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీ అనే ప్రోటీన్ ద్వారా ఈ ఎంజైములను ఇంకా ఎక్కువగా తయారు చేయిస్తుంది.

అసలు కీలకం మెలోనైల్ కోఎ దగ్గర ఉంది. కొవ్వు కాలాలంటే కణానికి శక్తి తయారు చేసే మైటోకాండ్రియా లోపలికి పోవాలి. అక్కడి తలుపు సీపీటీ-1 అనే ఎంజైము. మెలోనైల్ కోఎ పోయి సరిగ్గా ఆ తలుపుకు గడియ పెడుతుంది. అంటే కొవ్వు తయారీ జోరు మీద ఉన్నప్పుడు కొవ్వు కాల్చడం ఆగిపోతుంది. రెండూ ఒకేసారి నడిస్తే కణం చేసిందే చేసి కాల్చిందే కాలుస్తూ ఉండాలి కదా. అమెరికాలోని డల్లాస్‌లో మెక్‌గ్యారీ, ఫాస్టర్ అనే పరిశోధకులు 1977లో దీన్ని బయటపెట్టారు. నా మటుకు లివర్ గురించి అంతకంటే గొప్ప విషయం ఇంకోటి కనిపెట్టలేదు ఎవరూ.

గడియ తీసేది 'ఏఎంపీకే' అనే ఎంజైము. కణానికి శక్తినిచ్చే ఏటీపీ తగ్గి, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ పెరిగినప్పుడు అది మేల్కొని ఏసీసీకి ఫాస్ఫేట్ తగిలించి నిద్రపుచ్చుతుంది. మెలోనైల్ కోఎ తగ్గుతుంది, తలుపు తెరుచుకుంటుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు పెరిగే గ్లూకగాన్ అనే హార్మోన్ కూడా ఏసీసీని ఆపే వైపే పని చేస్తుంది. ఆ ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మన పిల్లలకు ఎంజైము అంటే లాలాజలం, పెప్సిన్, జీర్ణం, అంతటితో సరి. ఆయన పేరు ఒక్క మార్కు ప్రశ్నగా మిగిలిపోయింది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

చీనీ రసంలో చక్కెర సంగతి ఇంకా ఘోరం. చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్ అనే ఇంకో రకం చక్కెర. గ్లూకోజ్ దారిలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము ఉంది. కణంలో శక్తి నిండిందని చెప్పే ఏటీపీ, సిట్రేట్ ఎక్కువైతే అది నెమ్మదిస్తుంది. ఫ్రక్టోజ్ ఆ మెట్టును తప్పించుకుని వస్తుంది. దాన్ని పట్టుకునే ఫ్రక్టోకైనేజ్‌కు అట్లాంటి అడ్డు లేదు, ఎంత వస్తే అంతా లోపలికి తీసుకుంటుంది. చీనీకాయ తొనలు తొనలుగా తింటే రెండు కాయలకు కడుపు నిండుతుంది. లోటాలో పిండి చక్కెర కలిపితే ఎన్ని కాయలు పోయాయో నోటికి తెలియదు. కాయను నేను ఏమీ అనడం లేదు. మా జిల్లాకు అన్నం పెట్టే పంట అది.

"మరి నూనె పాత్రే లేదా?" అని అడుగుతారు. 2005లో అమెరికాలోని మిన్నెసోటాలో ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల లివర్ కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క కట్టారు. సుమారు 59 శాతం ఒంట్లో పేరుకున్న కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చింది. 26 శాతం లివర్ సొంతంగా తయారు చేసుకుంది. తిండిలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతం. చూసింది తొమ్మిది మందినే అని దీన్ని తీసిపారేసేవాళ్లు ఉంటారు. నాకు మాత్రం మా బావ పొట్ట చూశాక వేరే రుజువు అక్కర్లేదు. ఆ 59 శాతం అట్లా ఒంట్లో ముందే పేరుకున్న కొవ్వుదే, పొట్ట అందులో భాగమే. ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేస్తే కొవ్వు కణాల్లోని లైపేజ్ ఎంజైములకు పగ్గం ఉండదు. అవి రాత్రింబవళ్లు కొవ్వును కరిగించి లివర్ మీదికి తోస్తూనే ఉంటాయి. నూనె గిన్నెలతో తాగినా చివరికి చేరేది ఆ పొట్టలోకే అనుకోండి. తాలింపుకు వేసే రెండు చెంచాలతో కాదు గొడవ.

ఇంకో గందరగోళం. ల్యాబ్ రిపోర్టులో 'లివర్ ఎంజైమ్స్' అని ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ చూసి, ఇవే కొవ్వును అదుపు చేసేవి అనుకుంటున్నారు జనం. కాదు. కణం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారేవి అవి. అవి మామూలుగా ఉన్నా లివర్ నిండా కొవ్వు ఉండొచ్చు.

ఆ రాత్రి అక్క "అయితే అన్నం మానిపించల్లా?" అంది కోపంగా. మానక్కర్లేదు, గుట్ట తగ్గించి పప్పు పెంచు అన్నాను. సంగటి మంచిదని దాన్ని గుట్టగా పెట్టినా ఇదే కథ, రాగిలో ఉండేదీ పిండే. చక్కెర రసం బంద్. తొమ్మిదిన్నర భోజనం ఏడున్నరకు. తిన్నాక వీధి చివరి దాకా నడక. శెనక్కాయల ఊరిబిండి (పచ్చడి), నూనె తాలింపు వెనక్కి వచ్చాయి. బావకు నడుం తగ్గింది, తర్వాతి స్కాన్‌లో గ్రేడ్ 1 వచ్చింది. చక్కెర, రాత్రి అన్నం తగ్గడం వల్లే అని నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వుతో పాటు వాపు కూడా తగ్గుతుందని డాక్టర్లు ఒప్పుకునే మాటే.

సన్నగా ఉన్నవాళ్లకు కూడా వస్తుంది. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు లివర్‌లోని కొవ్వు బొట్లు సరిగా కరగవు, 2008లో తేలింది. అట్లాంటివాళ్లను పట్టుకుని "తిండిపోతు" అనడం అన్యాయం.

మందు అంటారా, 2024 మార్చిలో రెస్మెటిరోమ్ అనే మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది లివర్‌లో మచ్చ కట్టడం ఒక మోస్తరుగా ముదిరినవాళ్లకు, అదీ తిండి, వ్యాయామాలతో పాటు. టానిక్ సీసాల మీద నాకు పైసా నమ్మకం లేదు. మీరు రిపోర్టులో గ్రేడ్ మాత్రమే రాశారు. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) పరీక్షలు చేయించుకోండి. లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ అవసరమా అని మీ డాక్టర్‌ను గట్టిగా అడగండి, రెండు నిమిషాల్లో పంపేయాలని చూస్తే కుర్చీలోంచి లేవకండి.